అటక మీద దొరికిన బీరు

అమ్మమ్మ ఆవకాయ కొలతలో, నానమ్మ సున్నుండల పాళ్లో రాసుకున్న పాత పుస్తకం దొరికితే ఎంత సంబరపడతాం! అమెరికాలోని జిమ్ కుక్‌కి అలా దొరికింది ఓ బీరు రెసిపీ. (ఇంటిపేరుని రాసేది ‘కోచ్’ అని. పలికేది మాత్రం ‘కుక్’ అనే!)

వాళ్లింట్లో పెద్దకొడుకులంతా తరతరాలుగా బీరు తయారుచేసేవాళ్లే. తండ్రి చార్లెస్‌దీ సిన్సినాటిలో అదే వృత్తి. కానీ భారీ కంపెనీల ధాటికి చిన్న బ్రూవరీలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఆ కష్టాలు చూసిన జిమ్ హార్వర్డ్‌లో చదివి, పెద్ద కన్సల్టింగ్ సంస్థలో చేరాడు. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల జీతం. 1984లో అదంతా వదిలేసి బీరు తయారుచేస్తానన్నాడు. కొడుకు ఇంత తెలివితక్కువ పని ఎన్నడూ చేయలేదని విసుక్కున్నాడట తండ్రి. ఏ తండ్రి మాత్రం అనడు!

అయినా ఆయనే అటకెక్కి పాత పెట్టె వెదికి ఒక రెసిపీ చేతిలో పెట్టాడు. అది జిమ్ తాతకు తాత లూయీ కోచ్‌ది. 1860ల్లో సెయింట్ లూయిస్‌లో ఆయనకు సొంత బ్రూవరీ ఉండేది.

చూడ్డానికి అందులో ఏమీ లేదు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, హాప్స్ పువ్వులు, ఈస్ట్, నీళ్లు... అంతే. అసలు సంగతంతా చేసే పద్ధతిలో ఉంది. నలగ్గొట్టిన బార్లీని వేడినీళ్లలో కలిపి, ఆ గంజిలో కొంత వేరే గిన్నెలోకి తీసి మరిగించాలి. దాన్ని మళ్లీ మొదటి గిన్నెలో పోస్తే మొత్తం గంజి వేడి ఒక్కో మెట్టూ పెరుగుతుంది. థర్మామీటరు చూసుకునే అలవాటు లేని రోజుల్లో కనిపెట్టిన ఉపాయమిది. పిండిపదార్థం చక్కెరగా మారాక, వడకట్టి హాప్స్ వేసి మరిగిస్తారు. చల్లారాక ఈస్ట్ కలిపి, చల్లటిచోట వారాల తరబడి ఉంచుతారు. చివర్లో, అప్పుడే పొంగుతున్న కొత్త బీరుని కాస్త కలుపుతారు. పాలకి తోడు వేసినట్టన్నమాట. నురగ వచ్చేది దానితోనే. ఇంత శ్రమ, ఇంత సమయం! మొక్కజొన్న, బియ్యం కలిపి తేలిగ్గా, చవగ్గా చేసే కంపెనీల ముందు ఆ పద్ధతి మూలనపడిందంటే వింతేముంది?

జిమ్ దాన్ని వంటింటి పొయ్యి మీద ప్రయత్నించాడు. గంటలకొద్దీ మరిగిస్తుంటే ఆవిరికి గోడలమీది వాల్‌పేపరు ఊడి వచ్చేసింది. ఇంకొన్నేళ్ల ముందైతే అది నేరం కూడా. అమెరికాలో మద్యనిషేధం 1933లోనే పోయినా, ఇంట్లో బీరు చేసుకోవడానికి చట్టం ఒప్పుకున్నది మాత్రం జిమ్మీ కార్టర్ సంతకంతో 1978లో. (మనదగ్గర లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజు వాళ్లు వస్తారు, కాబట్టి చదివి ఊరుకుందాం!)

రుచి కుదిరింది. పిట్స్‌బర్గ్‌లోని ఓ బ్రూవరీలో ఎక్కువ మోతాదులో చేయించాడు. స్వాతంత్య్ర సమర నాయకుడు శామ్యూల్ ఆడమ్స్ పేరు పెట్టాడు. ఆఫీసులో తన సెక్రటరీగా పనిచేసిన రోండా కాల్‌మన్‌ని భాగస్వామిగా చేర్చుకున్నాడు. బ్రీఫ్‌కేసులో సీసాలూ ఐసు ప్యాకులూ పెట్టుకుని బోస్టన్ బార్ల చుట్టూ తిరిగాడు. అంతకుముందు అదే పెట్టెలో ఫైళ్లు ఉండేవి! 1985 ఏప్రిల్‌లో అమ్మకాలు మొదలైతే, కొద్దివారాలకే డెన్వర్‌లో జరిగిన బీరు ఉత్సవంలో జనం దానికే అగ్రస్థానమిచ్చారు. పదేళ్లకి కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికెక్కింది.

ఆ లాగర్‌ని ఇప్పటికీ చేస్తున్నారు. మక్కీకి మక్కీ పాతదేనా అంటే కాదు. 2023లో తయారీలో కొన్ని మార్పులు చేసి, రుచిని ఇంకాస్త తేలిక చేశారు.