గిరిజనుని భూమి – రాజ్యాంగ రక్షణ

"తన భూమిని తాను అమ్ముకొనే స్వేచ్ఛ లేకపోతే అది సమానత్వమెట్లవుతుంది?" రాజ్యాంగాన్ని గురించి ముచ్చటించుకొనే వేళ ఒక విద్యార్థి మమ్మడిగిన ప్రశ్న ఇది. ప్రశ్న న్యాయమైనదే. ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనుడు తన పొలాన్ని గిరిజనేతరునికి విక్రయించరాదని శాసనం చెబుతున్నది. పైచూపునకు ఇది రక్షణ వలె గాక బంధనం వలె తోస్తుంది. దీని అవసరమేమిటో గ్రహించడానికి కొంత వెనుకకు పోవాలి.

ఉప్పుకు, బట్టకు, విత్తనాలకు మన్యం మనిషి షావుకారు వద్ద అప్పు చేసేవాడు. వడ్డీ పెరిగేది, వేలిముద్ర పడేది, పొలం చేతులు మారేది. తరతరాలుగా నేలను దున్నినవానికి కాగితం లేదు. కాగితం తెచ్చినవానికి ఆ నేలతో పరిచయం లేదు. కచేరీలో గెలిచినది కాగితమే. ఈ అనర్థాన్ని అరికట్టడానికి మద్రాసు ప్రభుత్వం 1917లో, ఏజెంటు అనుమతి లేనిదే ఏజెన్సీలో కొండజాతుల భూమి ఇతరులకు బదిలీ కారాదని చట్టం చేసింది. నిజాం రాజ్యంలో 1940లో కుమ్రం భీము జోడెఘాట్ వద్ద నేలకొరిగిన పిమ్మట, హైమన్‌డార్ఫ్ పండితుడు గోండుల స్థితిగతులను పరిశీలించాడు; ఆ దశకంలోనే గోండులకు పట్టాలు లభించాయి. రక్తం చిందిన తరువాత గాని పాలకులకు నేల విలువ తెలియరాలేదు.

స్వతంత్ర భారతం ఈ అనుభవాన్ని రాజ్యాంగంలో పొందుపరచింది. 244వ అధికరణం, ఐదవ షెడ్యూలు ప్రకారం, షెడ్యూల్డు ప్రాంతాలలో భూమి బదిలీని నిషేధించడానికి, వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేయడానికి గవర్నరు ప్రత్యేక నిబంధనలు చేయవచ్చు. ఆ అధికారంతో వచ్చినదే 1959 నాటి 1వ రెగ్యులేషన్. దానిని 1963లో తెలంగాణ ప్రాంతానికి విస్తరింపజేశారు. 1970లో వచ్చిన సవరణను జనం "వన్ ఆఫ్ సెవెంటీ" అని పిలుస్తారు. దాని సారాంశం మూడు మాటలు. ఏజెన్సీలో భూమిని ఎవరు అమ్మినా గిరిజనునికో, గిరిజనుల సహకార సంఘానికో మాత్రమే అమ్మాలి. గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుని నుండి సంక్రమించినదేనని న్యాయస్థానం భావిస్తుంది. కాదని రుజువు చేయవలసిన భారం అతనిదే. కొనే గిరిజనుడు దొరకనప్పుడు ప్రభుత్వమే పరిహారమిచ్చి ఆ భూమిని తీసుకొనవచ్చు. ఈ సవరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 1988లో తీర్పు చెప్పింది.

మరి ప్రభుత్వమే ఆ భూమిని పరులకు అప్పగిస్తే? విశాఖ మన్యంలో బొర్రా పరిసరాల గనుల లీజులపై ఈ ప్రశ్న తలెత్తింది. 1997 నాటి "సమత" తీర్పులో సుప్రీంకోర్టు, రెగ్యులేషన్‌లోని "వ్యక్తి" అను పదంలో ప్రభుత్వం కూడా చేరుతుందని, గిరిజనేతరులకు లీజులీయడం చెల్లదని మెజారిటీ అభిప్రాయంగా ప్రకటించింది. కాపలాదారునికి కూడా కట్టుబాటు వర్తిస్తుందన్నమాట. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇచ్చే పట్టా కూడా ఇదే బాటలో నడుస్తుంది: అది వారసులకు సంక్రమిస్తుంది గాని అమ్మకానికి పనికిరాదు.

చట్టం ఉన్నంత మాత్రాన నేల నిలువదు. బినామీ పేర్లు శాసనాన్ని నీరుగార్చగలవు. ఏజెన్సీలో తరాలుగా జీవిస్తున్న పేద గిరిజనేతర రైతు బాధ కూడా కల్ల కాదు. అతని గోడు వినవలసినదే. అయితే ఒక పేదవాని కష్టానికి ఇంకొక పేదవాని భూమి పరిహారం కారాదు.

ఇక మన విద్యార్థి ప్రశ్నకు సమాధానం దూరాన వెదకనక్కరలేదు. అది మన కళాశాల గోడలలోనే ఉన్నది. ఈ సంస్థ 30వ అధికరణం నీడలో నిలిచినది. 1978 నాటి 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుండి తొలగించింది. అదే సవరణ అల్పసంఖ్యాకుల విద్యాసంస్థల ఆస్తిని ప్రభుత్వం తీసుకొనవలసి వస్తే, ఇచ్చే పరిహారం వారి విద్యాహక్కును హరించేటంత స్వల్పంగా ఉండరాదని ఒక ఉపనిబంధనను చేర్చింది. స్థలం లేని బడి హక్కు ఉత్త మాట అని రాజ్యాంగకర్తల వారసులు గ్రహించారు. నేల లేని గిరిజనుని హక్కు కూడా అంతే. బలవంతునికీ బలహీనునికీ నడుమ జరిగే బేరంలో స్వేచ్ఛ ఒక పక్షానిదే. రెండవ పక్షానికి మిగిలేది వేలిముద్ర.

ఈ రక్షణ దయాదానం కాదు, సమానత్వానికి వేసిన మెట్టు. తన హక్కు నీడలో కూర్చున్నవాడు పొరుగువాని హక్కును భారమని భావించరాదు. విద్యార్థి మిత్రులలో రేపు న్యాయవాదులు, రెవెన్యూ ఉద్యోగులు కాబోయేవారున్నారు. కొండ మీది నుండి ఒక మనిషి కాగితం లేకుండా మీ బల్ల ముందు నిలిచిన నాడు, అతనిని కాగితమడిగే ముందు ఆ నేలను ఎవరు దున్నుతున్నారో అడగండి.