బాగున్నాడు కదా అని మందులు ఆపొద్దు: బైపోలార్ డిజార్డర్‌పై తల్లిదండ్రులకు కొన్ని మాటలు



ఇంటర్ ఫస్టియర్ చదివే ఒక అబ్బాయిని ఊహించుకోండి. పది రోజులుగా రాత్రి రెండు మూడు గంటలే పడుకుంటున్నాడు. అయినా అలసట లేదు. గబగబా మాట్లాడుతున్నాడు. మూడు సబ్జెక్టులు ఒకేసారి మొదలుపెట్టి, ఏదీ పూర్తి చేయడం లేదు. ఫస్ట్ ర్యాంకు తనదేనంటున్నాడు, కాదంటే కసురుకుంటున్నాడు. ‘ఇన్నాళ్లకు చదువు మీద శ్రద్ధ వచ్చింది’ అని ఇంట్లోవాళ్లు సంబరపడతారు. నెల తిరిగేసరికి అదే అబ్బాయి మంచం దిగడు, పుస్తకం ముట్టడు, అన్నం సహించదు. అప్పుడేమో ‘బద్ధకం’ అంటారు. ఈ రెండూ ఒకే జబ్బు లక్షణాలు కావచ్చు. అదే బైపోలార్ డిజార్డర్.

ఏది మామూలు, ఏది కాదు?

టీనేజీలో కోపం, అలక, హుషారు గంటగంటకూ మారడం సహజమే. బైపోలార్‌లో మార్పు రోజుల తరబడి నిలుస్తుంది. మేనియా అనే ఉద్రేక దశ సాధారణంగా కనీసం వారం, డిప్రెషన్ దశ కనీసం రెండు వారాలు ఉంటుంది. నిద్ర బాగా తగ్గినా ఉత్సాహం తగ్గకపోవడం ముఖ్యమైన గుర్తు. కుటుంబంలో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం కొంత ఎక్కువ. అది మీ పెంపకంలో లోపం కాదు.

జబ్బును నిర్ధారించాల్సింది సైకియాట్రిస్టే. పిల్లలను డిప్రెషన్‌తో తీసుకెళ్లినా, అంతకుముందు కనిపించిన అతి హుషారు గురించి తప్పక చెప్పండి. బైపోలార్ ఉన్నవారికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే కొందరిలో మేనియా మొదలవుతుంది.

చికిత్స ఎలా ఉంటుంది?

మూడ్‌ను నిలకడగా ఉంచే మందుల్లో పాతది, నేటికీ ముఖ్యమైనది లిథియం. మేనియాకు ఇది పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించారు. వాల్‌ప్రోయేట్, కొన్ని యాంటీసైకోటిక్ మందులు కూడా వాడతారు. వాల్‌ప్రోయేట్ గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి, అమ్మాయిలకు రాసినప్పుడు డాక్టరుతో వివరంగా మాట్లాడండి.

లిథియం వాడేవారికి రక్తంలో దాని మోతాదును, థైరాయిడ్, కిడ్నీల పనితీరును డాక్టరు చెప్పిన గడువుల్లో పరీక్ష చేయించాలి. వాంతులు, విరేచనాలు, వేసవిలో విపరీతమైన చెమట వల్ల ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలతోనూ అదే ప్రమాదం. చేతులు బాగా వణికినా, నడకలో తూలినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మందులతోపాటు కౌన్సెలింగ్ కూడా అవసరం. జబ్బు తిరగబెట్టే ముందు కనిపించే గుర్తులను పిల్లలు, ఇంట్లోవాళ్లు అక్కడే నేర్చుకుంటారు.

ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

‘బాగానే ఉన్నాడు, ఇంకెందుకు?’ అని కొందరు, ‘పరీక్షల ముందు మత్తుగా ఉంటున్నాడు’ అని కొందరు మందులు ఆపేస్తారు. చాలామంది బాగుండేది మందు పనిచేస్తున్నందువల్లే. ముఖ్యంగా లిథియం ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. మత్తుగా ఉంటే డాక్టరుకు చెప్పండి. డోసు, వేసుకునే వేళ, అవసరమైతే మందు కూడా మార్చే వీలుంది.

రెండో పొరపాటు నైటౌట్లు. నిద్ర చెడితే మేనియా మొదలయ్యే ప్రమాదం ఉంది. ఈ పిల్లలకు రోజూ ఒకే వేళకు పడుకుని, ఒకే వేళకు లేవడం కూడా చికిత్సలో భాగమే.

మూడోది దాచిపెట్టడం. ‘నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలు రావు’ అని స్కూల్లో చెప్పరు. అప్పుడు హాస్టల్లో మాత్రలు సక్రమంగా అందవు, రాత్రి స్టడీ అవర్స్ తగ్గించమని అడిగేవారూ ఉండరు. ప్రిన్సిపల్‌తో, కౌన్సెలర్‌తో ఏకాంతంగా మాట్లాడి, డాక్టరు ఇచ్చిన కాగితం చూపించండి.

‘బతకడం దండగ’ వంటి మాట వినిపిస్తే తేలిగ్గా తీసుకోకండి. పిల్లలను ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. టెలి మానస్ ఉచిత నంబరు 14416కు 24 గంటల్లో ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

అనుమానం ఉంటే ఇవాళే ఒక నోటుబుక్కు తీయండి. పిల్లలు ఎన్ని గంటలు పడుకున్నారు, మూడ్ ఎలా ఉంది, మాత్ర వేసుకున్నారా అన్నది రోజుకొక వరుస రాయండి. సైకియాట్రిస్టును కలిసేటప్పుడు మార్కుల లిస్టు కన్నా ఆ పుస్తకమే ఎక్కువ పనికొస్తుంది.