అబ్దుల్లా ఇబ్రహీం: జాజ్ పియానో – స్థలస్మృతి

ఉపోద్ఘాతం:
జాజ్ అమెరికాలోని ఆఫ్రికన్ సంతతి ప్రజల నడుమ రూపుదిద్దుకొన్న సంగీతం. అది ఆఫ్రికా ఖండానికి చేరినప్పుడు అక్కడి కళాకారులు కేవలం అనుకరణతో తృప్తిపడలేదు; తమ ప్రార్థనాగీతాలతో, వీధిబాణీలతో, నృత్యలయలతో దానిని మేళవించారు. దక్షిణాఫ్రికా పియానో విద్వాంసుడు అబ్దుల్లా ఇబ్రహీం జీవితం ఇందుకు నిదర్శనం. వర్ణవివక్ష ప్రభుత్వం ప్రజలను వారి నివాసాల నుండి వెళ్లగొట్టిన కాలంలో, సాహిత్యం లేని ఒక వాద్యరచన ఆ ప్రజల స్మృతికి ఎలా ఆధారమైందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బాల్యం – తొలి బృందం:
ఇబ్రహీం 1934 అక్టోబరు 9న కేప్‌టౌన్‌లో జన్మించాడు. తొలి పేరు అడాల్ఫ్ జోహాన్నెస్ బ్రాండ్. ఏడవ ఏట పియానో అభ్యాసం ప్రారంభించాడు. ఇంటిలోని స్త్రీలు ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చిలో పియానో వాయించేవారు. రేవుకు వచ్చే అమెరికన్ నావికుల వద్ద రికార్డులు కొనే అలవాటు వల్ల ‘డాలర్ బ్రాండ్’ అనే పేరు వచ్చింది. 1959లో హ్యూ మసెకెలా, జోనస్ గ్వాంగ్వా, కిప్పీ మొయెకెట్సీ మొదలైన వారితో కలిసి ‘జాజ్ ఎపిసిల్స్’ బృందంగా ఏర్పడ్డాడు. 1960లో వారు చేసిన రికార్డు దక్షిణాఫ్రికా నల్లజాతి జాజ్ చరిత్రలో తొలి ఎల్.పి.గా గుర్తింపు పొందింది. అదే ఏడాది మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పులకు 69 మంది బలయ్యారు. ఆపై పెరిగిన నిర్బంధంలో బృందం చెదిరిపోయింది. పలువురు కళాకారులు దేశం విడిచారు.

ప్రవాసం:
1962లో ఇబ్రహీం ఐరోపాకు వెళ్లాడు. 1963లో జూరిక్‌లో గాయని సతీమా బీ బెంజమిన్ చొరవతో డ్యూక్ ఎలింగ్టన్ అతని వాదనం విన్నాడు. ఎలింగ్టన్ ప్రోత్సాహంతో పారిస్‌లో రికార్డింగు జరిగింది. 1965లో అతడు సతీమాను వివాహమాడాడు. అదే ఏడాది అమెరికాలోని న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 1968లో ఇస్లాం స్వీకరించి అబ్దుల్లా ఇబ్రహీం అయ్యాడు.

‘మానెన్‌బర్గ్’ నిర్మాణం:
1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం జాతుల వారీగా నివాసప్రాంతాలను విభజించింది. ఈ చట్టం కింద 1966లో కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్‌ను శ్వేతజాతి ప్రాంతంగా ప్రకటించారు. తరువాతి సంవత్సరాలలో అక్కడి నుండి 60,000 మందికి పైగా ప్రజలను తొలగించారు. ప్రభుత్వం ‘కలర్డ్’గా వర్గీకరించిన కుటుంబాలకు నగరం వెలుపల కేటాయించిన వాడలలో మానెన్‌బర్గ్ ఒకటి. 1974లో కేప్‌టౌన్‌లో రికార్డు చేసిన తన రచనకు ఇబ్రహీం ఆ వాడ పేరే పెట్టాడు.

పదమూడు నిమిషాలకు పైగా సాగే ఈ రచనకు ఆధారం ‘మరాబీ’. ఇది ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో నల్లజాతి శ్రామికవాడల నృత్యసంగీతం. కొద్దిపాటి స్వరసముదాయాల ఆవృత్తం ఆద్యంతం తిరుగుతూ ఉంటుంది. దానిపై వాద్యకారులు మనోధర్మాన్ని ప్రదర్శిస్తారు. కర్ణాటక సంగీతంలోని నెరవులో సాహిత్యపాదం స్థిరంగా ఉండి, రాగసంచారం విస్తరిస్తుంది. ఇక్కడ స్థిరంగా ఉండేది స్వరసముదాయాల వరుస. వినేవారికి ఆ వరుస ముందే పరిచితం; అందువల్ల తొలి ఆవృత్తంలోనే పాతవాడ గుర్తుకు వస్తుంది. బేసిల్ కొట్జే టెనర్ శాక్సఫోన్ ఈ రచనకు ముఖ్యస్వరమైంది. 1980లలో వర్ణవివక్ష వ్యతిరేక సభలలో ఇది అనధికార జాతీయగీతంగా మోగింది. సాహిత్యం లేకపోవడం వల్ల నిషేధించదగిన వాక్యమేదీ ఇందులో లేదు. శీర్షికలోని ఊరిపేరే దాని వాచ్యార్థం.

ఉత్తరజీవితం:
1976 సోవెటో తిరుగుబాటు అనంతరం ఇబ్రహీం ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు బహిరంగంగా మద్దతు పలికి, న్యూయార్క్‌లో ప్రవాసజీవితం గడిపాడు. 1983లో ‘ఎకాయా’ బృందాన్ని స్థాపించాడు; ఆ మాటకు ‘ఇల్లు’ అని అర్థం. 1994లో నెల్సన్ మండేలా అధ్యక్షపదవీ స్వీకారోత్సవంలో వాయించాడు. 2019లో అమెరికా ప్రభుత్వ సంస్థ ‘జాజ్ మాస్టర్’ గౌరవాన్ని ప్రదానం చేసింది.

ముగింపు:
ఈ చరిత్ర తెలుగు పరిశోధకులకు దూరమైనది కాదు. 1860 నుండి 1911 వరకు నేటాల్ చెరకుతోటలకు వెళ్లిన ఒప్పంద కూలీలలో తెలుగువారూ ఉన్నారు. 1931లో వారి సంతతి ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్నది. గ్రూప్ ఏరియాస్ చట్టం డర్బన్‌లోని భారతీయ కుటుంబాలను కూడా ఇళ్ల నుండి కదిలించింది. ప్రవాసాంధ్రుల చరిత్రకు ఓడల జాబితాలు, సంఘాల పత్రాలు ప్రధానాధారాలుగా ఉన్నాయి. వాటితోపాటు వారి భజనలను, పెండ్లిపాటలను, వాద్యబాణీలను కూడా ఆధారాలుగా స్వీకరించవలసి ఉన్నదని ‘మానెన్‌బర్గ్’ ఉదాహరణ సూచిస్తున్నది. పాటలోని మాటలు మరుగైనా, బాణీ, లయ, పేరు పోయిన ఊరి ఆనవాళ్లను నిలుపుకోగలవు.