ఫోటోల ఫోల్డరు తెరవగానే కంప్యూటరు ఆగిపోతే

పశువుల బీమాకు తీసిన ఫోటోలు, చెవిపోగుల నెంబర్ల ఫోటోలు, సభ్యుల పాసుపుస్తకాల నకళ్లు ఇప్పుడు చాలా సంఘాల్లో కంప్యూటరులోనే ఉంటున్నాయి. ఆ ఫోల్డరు తెరవగానే విండో దానంతటదే మూతపడుతున్నదనీ, తెర ఒక్క క్షణం ఖాళీ అయి మళ్లీ వస్తున్నదనీ కొందరు కార్యదర్శులు మాకు చెప్పారు. గేదె చనిపోయి, సభ్యుడు క్లెయిము కాగితాల కోసం బల్ల ముందు నిలబడినప్పుడు ఇది చిన్న ఇబ్బంది కాదు. అయితే ఫోటోలు పోయాయనుకొని కంప్యూటరును ఫార్మాట్ చేయించవద్దని ముందుగా మనవి. ఇటువంటప్పుడు సాధారణంగా ఫోటోలు ఉన్నచోటనే ఉంటాయి.

ఫోల్డరు తెరవగానే విండోస్ ఒక్కొక్క ఫైలును చదివి దాని చిన్న బొమ్మను తయారుచేస్తుంది. దీనినే థంబ్‌నెయిల్ అంటారు. మనం ఏ ఫోటోనూ నొక్కకపోయినా ఈ పని జరిగిపోతుంది. అందులో ఒక్క ఫైలు చెడి ఉన్నా, ఫోటోలు చదవడానికని ఎవరో ఎక్కించిన ప్రోగ్రాము సరిగా లేకపోయినా, మొత్తం విండో కూలిపోవచ్చు. ఒక్క క్యాను విరిగిన పాలు ట్యాంకరంతా పాడుచేసినట్లే. కాపీ అవుతుండగా కరెంటు పోయినా, పెన్‌డ్రైవును ఎజెక్ట్ చేయకుండా లాగివేసినా ఫైళ్లు ఇలా చెడతాయి. (మా కార్యాలయంలోనూ ఇది జరిగింది. లాగినవారు మాత్రం ఇంతవరకు ఒప్పుకోలేదు.)

కనుక మొదట ఆ చిన్న బొమ్మలను ఆపాలి. చెడ్డ ఫోల్డరు జోలికి పోకుండా, ఎక్స్‌ప్లోరరులో 'దిస్ పీసీ' వద్దనే ఉండి, ఆప్షన్స్ తెరిచి, వ్యూ భాగంలో 'ఆల్వేస్ షో ఐకాన్స్, నెవర్ థంబ్‌నెయిల్స్' అన్నదానికి టిక్కు పెట్టండి. ప్రివ్యూ పేన్ తెరిచి ఉంటే దానిని కూడా మూయండి. ఇప్పుడు ఫోల్డరు తెరుచుకుంటే వెంటనే అన్నింటినీ వేరే డిస్కులోకి నకలు తీయండి. మిగిలిన పరిశీలన ఆ తర్వాతే.

చెడిన ఫైలును పట్టుకోవడానికి ఒక్కొక్కటే చూడనక్కరలేదు. నకలులోని ఫైళ్లలో సగం వేరే ఫోల్డరులోకి మార్చి, టిక్కు తీసి, రెండూ తెరిచి చూడండి. కూలిన సగాన్ని, మళ్లీ టిక్కు పెట్టి, మరల సగం చేయండి. 400 ఫోటోలున్నా 9 సార్లలో ఆ ఒక్కటి దొరుకుతుంది. అది బీమా ఫోటో అయితే, పశువు ఉండగానే మళ్లీ తీయించాలి.

ఏ సగం తెరిచినా కూలుతుంటే తప్పు ఫైలుది కాకపోవచ్చు. డిస్క్ క్లీనప్‌లో థంబ్‌నెయిల్స్‌కు మాత్రమే టిక్కు పెట్టి తుడవండి. పోయేవి చిన్న బొమ్మలే, అసలు ఫోటోలు కావు. ఆ పట్టీలో డౌన్‌లోడ్స్ అని కనబడితే మాత్రం టిక్కు పెట్టవద్దు. అప్పటికీ తగ్గకపోతే 'రిలయబిలిటీ హిస్టరీ' అని వెతికి తెరవండి. కూలిన తేదీ, సమయం, తప్పు జరిగిన భాగం పేరు అందులో ఉంటాయి. ఆ పేరు మనం తర్వాత ఎక్కించిన ఏదైనా కోడెక్ ప్యాక్‌దో, ఫోటోల ప్రోగ్రాముదో అయితే దానిని తీసివేయాలి.

విండో ఒక్కటే కాక కంప్యూటరంతా నీలి తెరతో ఆగిపోయినా, తిరిగి మొదలైనా వ్యవహారం వేరు. మెమరీని 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్'తో పరీక్షించండి. ఫోల్డరు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టి, డిస్కు టక్కుటక్కుమంటుంటే డిస్కే చెడిపోతున్నదని అనుమానించాలి. అప్పుడు పైన చెప్పిన సగం సగం పద్ధతి ఆ డిస్కు మీద చేయవద్దు, చెక్ డిస్క్ కూడా నడపవద్దు. ముఖ్యమైన ఫైళ్లను ముందు బయటకు తీసి, ఆపైనే మరమ్మతుదారునికి ఇవ్వండి.