వదిలేశాక మళ్లీ పట్టుకోలేరు

అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం, సమ్నర్ అనే చిన్న ఊరు. 1955 సెప్టెంబరు. కోర్టు హాలు కిక్కిరిసి ఉంది. పంటలో వాటాకి పత్తి సేద్యం చేసుకునే 64 ఏళ్ల నల్లజాతి రైతు మోజెస్ రైట్ సాక్షి కుర్చీలో కూర్చున్నాడు. అర్ధరాత్రి మీ ఇంటికొచ్చి పిల్లాణ్ని తీసుకుపోయింది ఎవరని ప్రాసిక్యూటర్ అడిగాడు. రైట్ లేచి నిలబడ్డాడు. చెయ్యి చాపి జె.డబ్ల్యూ. మైలమ్‌ని చూపించాడు. తర్వాత రాయ్ బ్రయంట్‌ని చూపించాడు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో ఒక నల్లవాడు నిండు కోర్టులో తెల్లవాళ్ల వైపు వేలు చూపించడమంటే ప్రాణం మీద ఆశ వదులుకోవడమే. విచారణ ముగిశాక ఆయన చేలోని పంటనీ, పుట్టిపెరిగిన ప్రాంతాన్నీ వదిలేసి షికాగో వెళ్లిపోవాల్సి వచ్చింది.

ఆ పిల్లాడు ఎమెట్ టిల్. వయసు 14 ఏళ్లు. షికాగో నుంచి సెలవులకి బంధువులింటికి వచ్చాడు. బ్రయంట్ వాళ్ల కొట్లో ఉన్న అతని భార్యతో అమర్యాదగా ప్రవర్తించాడని నింద వేశారు. ఆగస్టు 28న ఎత్తుకుపోయారు. మూడు రోజులకి టల్లహాచీ నదిలో శవం దొరికింది. పత్తి జిన్నింగ్ మిల్లులో వాడే బరువైన ఇనుప ఫ్యానుని ముళ్లతీగతో మెడకి కట్టేశారు. తల్లి మేమీ టిల్ షికాగోలో శవపేటిక మూత తెరిచే ఉంచింది. కొడుకుని ఏం చేశారో లోకం చూడాలంది.

జ్యూరీలో ఉన్న 12 మందీ తెల్లవాళ్లే, మగవాళ్లే. 67 నిమిషాల్లో నిర్దోషులని తేల్చేశారు. నాలుగు నెలలు గడిచాయి. 1956 జనవరిలో ‘లుక్’ అనే పత్రికలో ఒక కథనం వచ్చింది. పిల్లాణ్ని తామే చంపామని మైలమ్, బ్రయంట్ డబ్బు పుచ్చుకుని మరీ చెప్పారు. ఎలా చంపారో కూడా చెప్పారు. దేశమంతా చదివింది. పోలీసులు వాళ్ల గడప తొక్కలేదు. హత్య కేసులో మళ్లీ విచారించే దారి చట్టంలో లేదు. అపహరణ నేరం ఒక్కటి మిగిలింది. దాని మీద కేసు నడపడానికి పొరుగు కౌంటీ గ్రాండ్ జ్యూరీ అంతకుముందే ఒప్పుకోలేదు.

ఈ అడ్డుగోడ పేరు డబుల్ జెపర్డీ. ఒకే నేరానికి ఎవరినీ రెండోసారి ప్రాణాపాయంలోకి నెట్టకూడదని అమెరికా రాజ్యాంగంలోని ఐదో సవరణ చెబుతోంది. అది 1791 నుంచి అమల్లో ఉంది. మిసిసిపీ రాజ్యాంగంలోనూ అదే రక్షణ ఉంది. అక్కడ శిక్ష పడినవాడు అప్పీలు చేసుకోవచ్చు, నిర్దోషిగా బయటపడ్డవాడి మీద మాత్రం ప్రభుత్వం అప్పీలుకి వెళ్లకూడదు. 1962లో ఒక కేసులో విచారణ సగంలో ఉండగానే జడ్జి నిర్దోషులని తీర్పు ఇప్పించేశాడు. అది పొరపాటని పై కోర్టుకి తెలుసు. అయినా ఆ తీర్పే ఖాయమని సుప్రీంకోర్టు తేల్చింది.

ఇదేం న్యాయం అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ అవతలి పక్క నుంచి చూడండి. ప్రభుత్వం చేతిలో పోలీసులుంటారు, లాయర్లుంటారు, ఖజానా ఉంటుంది. ముద్దాయి ఒక్క కేసుకే ఇల్లూ పొలమూ అమ్ముకుంటాడు. ఓడిన ప్రతిసారీ ప్రభుత్వానికి మరో అవకాశం ఇస్తే, నిర్దోషి కూడా ఏదో ఒకనాటికి అలిసిపోయి చేతులెత్తేస్తాడు. 1957లో గ్రీన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. పైగా జ్యూరీ తన తీర్పుకి కారణం రాయదు. దోషి అనో కాదనో అని లేచిపోతుంది. కారణమే లేని చోట పై కోర్టు దేన్ని సరిచూస్తుంది?

ఈ వాదన ఎప్పుడూ ఏకగ్రీవం కాదు. అమెరికా పాలనలో ఉన్న ఫిలిప్పీన్స్‌లో కెప్నర్ అనే లాయరు కింది కోర్టులో బయటపడ్డాడు, ప్రభుత్వం అప్పీలు చేసి శిక్ష వేయించింది. 1904లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఆ శిక్షని కొట్టేసింది. కేసు మొదలు నుంచి చివరిదాకా ఒకటే విచారణ, అప్పీలు అందులో భాగమేనని జస్టిస్ హోమ్స్ విభేదించాడు. ఒక్క ఓటు అటైతే ఆ దేశ చరిత్ర మరోలా ఉండేదేమో!

మన దేశం పట్టుకున్నది దాదాపు హోమ్స్ దారినే. మన రాజ్యాంగం 20(2) అధికరణం ఒకే నేరానికి రెండుసార్లు విచారించి శిక్షించడాన్ని నిషేధించింది, అప్పీలుని నిషేధించలేదు. నానావతి మీద పడ్డ హత్య కేసు గుర్తుందా? జ్యూరీ 8-1తో నిర్దోషి అంది. ఒప్పుకోని జడ్జి కేసుని బాంబే హైకోర్టుకి పంపాడు, అక్కడ యావజ్జీవం పడింది. ఇప్పుడు మనకి జ్యూరీ లేదు. జడ్జి కారణాలు రాయాలి, రాసినదాన్ని పై కోర్టు చదవగలదు. బాధితులు కూడా అప్పీలు చేసుకునే హక్కు 2009 నుంచి ఉంది.

అప్పీలు తలుపు తెరిచి ఉండటంలోని విలువ మన కారంచేడుకి తెలుసు. 1985 జులై 17న ఆ ఊళ్లో దళితులను వెంటాడి చంపారు. కింది కోర్టు వేసిన శిక్షల్ని 1998లో హైకోర్టు కొట్టేసింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవం వేసింది. అమెరికా పద్ధతిలోనూ జ్యూరీ దోషి అని తేల్చినదాన్ని పై కోర్టు కొట్టేస్తే కొన్నిసార్లు ప్రభుత్వం ఇంకా పైకి వెళ్లగలదు. కానీ మొదటి కోర్టులోనే కేసు పోయి ఉంటే అక్కడ అంతటితో సరి, ఇక్కడ కాదు.

అయినా సమ్నర్‌లో తప్పు అప్పీలు లేకపోవడంలో ఉందని నేననుకోను. సమ్నర్ ఉన్న టల్లహాచీ కౌంటీలో అప్పట్లో సగానికి పైగా నల్లవాళ్లు. వాళ్లలో ఒక్కరికీ ఓటు లేదు. ఓటు లేనివాడికి జ్యూరీలో చోటు లేదు. తీర్పు ఆ ఓటర్ల జాబితాలోనే రాసి ఉంది. అప్పీలుంటే మాత్రం, అదే రాష్ట్రంలో, ఆ కాలంలో, అది ఎవరి ముందుకి వెళ్లేది?

2007 అక్టోబరు 2న అదే సమ్నర్ కోర్టు ముందు ఊరి పెద్దలు, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి, టిల్ కుటుంబానికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మైలమ్ 1980లో, బ్రయంట్ 1994లో చనిపోయారు. ఆ హత్యకి వాళ్లిద్దరికీ ఏ శిక్షా పడలేదు.