ఆర్కిటిక్ మంచును నడిపే రెండు వలయాలు

ఒక మార్పు వల్ల కలిగిన ఫలితం తిరిగి ఆ మార్పు మీదే పనిచేస్తే దాన్ని ఫీడ్‌బ్యాక్ వలయం అంటారు. ఆ ఫలితం మార్పుకు అడ్డుపడితే వ్యవస్థ కుదురుగా ఉంటుంది. ఒంట్లో వేడి పెరిగినప్పుడు చెమట పట్టి చల్లబరచడం అలాంటిదే. అడ్డుపడకుండా మార్పును ఇంకా ముందుకు తోస్తే కుదురు తప్పుతుంది. ఆర్కిటిక్ సముద్రంలో ఈ రెండు రకాలూ ఒకే మంచు మీద పనిచేస్తాయి.

మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా సున్నం వేసిన డాబా మీద నడవగలిగినవాళ్లు కూడా తారు రోడ్డు మీద కాలు మోపలేరు. తెలుపు ఎండను తిప్పి పంపుతుంది, నలుపు పీల్చుకుంటుంది. తాజాగా మంచు కురిసిన సముద్రపు మంచు పలక తన మీద పడిన ఎండలో 80 శాతానికి పైగా తిప్పి పంపుతుంది. మంచు లేని సముద్రం పంపేది 10 శాతం లోపే. వేసవి రాగానే పలక మీద నీటి మడుగులు కడతాయి. తెల్లని చోటల్లా నీలంగా మారి ఎక్కువ వేడిని తీసుకుంటుంది. పలక పగిలి, మధ్యలో నల్లటి నీరు బయటపడుతుంది. ఆ నీరు వేడెక్కి పలకను అంచుల నుంచీ అడుగు నుంచీ కరిగిస్తుంది. కరిగినకొద్దీ కరుగుదల పెరుగుతుంది. ఇది మొదటి వలయం.

చలికాలంలో రెండో వలయం మొదలవుతుంది. సముద్రపు నీరు సుమారు -1.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. పైన గాలి అంతకంటే ఎంతో చల్లగా ఉంటుంది. మధ్యలో మంచు దుప్పటిలా పనిచేస్తుంది. దుప్పటి మందమైతే కింది నీటి వేడి తొందరగా బయటికి పోదు, కొత్త మంచు నెమ్మదిగా కడుతుంది. పలచనైతే వేడి తొందరగా పోయి మంచు వేగంగా పెరుగుతుంది. అంటే వేసవి నష్టాన్ని శీతాకాలం కొంత పూడుస్తుంది. 2012 సెప్టెంబరులో మంచు విస్తీర్ణం రికార్డు స్థాయిలో 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో అది సుమారు 50 లక్షలకు చేరింది.

అయినా 1980ల నాటి సుమారు 70 లక్షల స్థాయి తిరిగి రాలేదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూ వేడిని పెంచుతుంటే చలికాలపు వలయం పతనాన్ని నెమ్మదింపజేయగలదు గానీ ఆపలేదు. 1979-2021 మధ్య ఆర్కిటిక్ ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. మంచు తెలుపు తరిగిపోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

ఆ రెండో వలయం ఉండబట్టే ఆశ కూడా ఉంది. భూమి వేడెక్కడం ఆగితే వేసవి మంచు తరుగుదలా ఆగుతుంది. వేడి తగ్గితే మంచు కొన్నేళ్లలోనే తిరిగి కడుతుంది.