అధ్యాపకునికి తీరిక, శాస్త్రానికి పొరుగు

విశ్వవిద్యాలయంలో పనిచేసే అధ్యాపకునికి జీతం ఉంటుంది, గ్రంథాలయం ఉంటుంది, శిష్యులు ఉంటారు. తరచుగా లేనిది తీరిక. పాఠాలు చెప్పి, పరీక్షపత్రాలు దిద్ది, సమావేశాలకు హాజరై, మిగిలిన వేళలలో అతడు తన గ్రంథం వ్రాయవలసి ఉన్నది. ఈ కష్టాన్ని గుర్తించి ఏర్పరచిన సదుపాయమే అధ్యాపక ఫెలోషిప్. తెలుగు రచయితలలో అధ్యాపకవృత్తి నవలంబించినవారు అనేకులు గనుక, దీని తీరుతెన్నులు మనవారు తెలిసికొనడం అవసరం.

దీని స్వరూపం స్థూలంగా ఇది. పరిశోధన సంస్థ దరఖాస్తులు ఆహ్వానిస్తుంది. అధ్యాపకుడు తాను పరిశీలించదలచిన ప్రశ్న ఏదో, దానికి ఆధారాలు ఎక్కడ ఉన్నవో, ఎంత కాలం పట్టగలదో కొద్ది పుటలలో నివేదిస్తాడు. ఎంపిక సంఘంలో అతని శాస్త్రం తెలిసినవారితో పాటు తెలియనివారు కూడ ఉంటారు. కనుక సాహిత్య పరిశోధకుడు తన ప్రశ్న విలువను చరిత్రకారునికి, అర్థశాస్త్రజ్ఞునికి కూడ బోధపడేటట్లు చెప్పవలసి ఉంటుంది. ఎంపికైన పిదప అతడు పనిచేసే విశ్వవిద్యాలయం సెలవు మంజూరు చేస్తుంది, లేదా బోధనభారం తగ్గిస్తుంది. అతని బదులు పాఠం చెప్పేవారి వేతనాన్ని కొన్ని సంస్థలు భరిస్తవి. ప్రతిగా అతడు అక్కడ నివసించి, తన వ్యాసాలను సహచరుల ఎదుట చదివి, చర్చకు నిలిచి, తుదకు వ్రాతప్రతి సమర్పించాలి.

ఈ పద్ధతికి ఆధునిక కాలంలో ప్రసిద్ధమైన ఆదర్శం అమెరికాలో 1930లో వెలసిన ప్రిన్‌స్టన్ ఉన్నత అధ్యయన సంస్థ. అబ్రహాం ఫ్లెక్స్‌నర్ దానికి తొలి సంచాలకుడు. అక్కడ తరగతులు లేవు, పట్టాలు లేవు. 1954లో స్టాన్‌ఫర్డ్‌లో మానవప్రవర్తన శాస్త్రాల ఉన్నత అధ్యయన కేంద్రం ఏర్పడింది. మన భద్రిరాజు కృష్ణమూర్తి అక్కడ ఫెలోగా ఉన్నారు. మన దేశంలో రాధాకృష్ణన్ రాష్ట్రపతిగా ఉన్నప్పుడు, ఆయన సంకల్పంతో, సిమ్లాలోని పూర్వపు వైస్రాయి భవనంలో 1965లో భారతీయ ఉన్నత అధ్యయన సంస్థ ప్రారంభమైంది. నీహార్ రంజన్ రాయ్ దాని తొలి సంచాలకుడు. దీర్ఘకాలపు సెలవు దొరకని అధ్యాపకులు ఏటా ఒక్కొక్క మాసం చొప్పున మూడేండ్లు వచ్చి పనిచేసుకొనే ఏర్పాటు కూడ అక్కడ చేశారు.

తీరిక ఒక్కటే కావలెనంటే సెలవు చాలును. ఇటువంటి సంస్థ అదనంగా ఇచ్చేది పొరుగు. భాషావేత్త గది పక్కన చరిత్రకారుడు, వారికెదురుగా సమాజశాస్త్రజ్ఞుడు ఉంటారు. ఈ పొరుగు వలన ప్రయోజనమేమో తెలియవలెనంటే సూరత్ నగరపు తూర్పు భాగాన ఉన్న గోడాదరా వంటి పేటను చూడాలి.

గోడాదరా, లింబాయత్, డిండోలి ప్రాంతాలలో తెలంగాణ జిల్లాల నుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలు ఉన్నవి. స్వగ్రామంలో చేతిమగ్గం నేసినవారి సంతతి ఇక్కడ మరమగ్గాల మీద కృత్రిమపు నూలుబట్ట నేసింది. పురుషులు మరమగ్గాల కర్మాగారాలకు పోగా, స్త్రీలు ఇంటివద్ద చీరలకు రాళ్లు అతికించే పనికి పూనుకొన్నారు. బతుకమ్మ పండుగ వారితో పాటు సూరత్ చేరింది.

ఇక్కడ ఒక్క మాటను తీసికొందాం. సిరిసిల్లలో మరమగ్గాన్ని ‘సాంచా’ అంటారు. గుజరాతీలో యంత్రానికి ‘సంచో’ అనే మాట ఉన్నది. ఈ రెండు మాటలకు సంబంధం ఏమిటి? అది సూరత్ నుండి తిరిగివచ్చిన కార్మికుని నోట వచ్చినదా, షోలాపూర్, భివండీల మీదుగా వచ్చినదా, పాత మగ్గాలతో పాటే అమ్మకమై వచ్చినదా? భాషావేత్త ధ్వనులను పోల్చగలడు. వలసదారి చెప్పవలసినవాడు శ్రమచరిత్రకారుడు. ఏ యంత్రం ఎప్పుడు ఏ ఊరికి చేరినదో వస్త్రయంత్రాల సంగతి తెలిసినవాడు చెప్పాలి. ఒక్క పదానికే ముగ్గురు కావలసి వచ్చినారు.

కృష్ణమూర్తి పర్యవేక్షణలో మొదలైన మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లోను, చేనేత పదాల సంపుటం 1971లోను వెలువడినవి. ఆ కృషి తెలుగునాటి వృత్తిపదాలను గ్రంథస్థం చేసింది. అదే నేతవారు పరదేశంలో, పరయంత్రం ముందు నిలిచినప్పుడు పడుగు, పేక, నాడె వంటి మాటలలో ఏవి మిగిలినవి, ఏవి మారినవి అన్నది దాని తరువాత వేయవలసిన ప్రశ్న.

ఇందుకు తగిన పొరుగు సూరత్‌లోనే ఉన్నది. సమాజశాస్త్రవేత్త ఐ. పి. దేశాయి 1969లో స్థాపించిన సంస్థ, నేడు సామాజిక అధ్యయన కేంద్రమనే పేరుతో, వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్నది. 1960 దశకం నుండి దక్షిణ గుజరాత్ కూలీల బ్రతుకును పరిశీలించిన డచ్చి పండితుడు యాన్ బ్రెమన్, వలసకార్మికులను గురించి 1985లోను, 1996లోను గ్రంథాలు ప్రకటించాడు. 1994లో సూరత్‌లో ప్లేగు భయం చెలరేగినప్పుడు అది వైద్యుల విషయంగానే ఆగలేదు. నగరాభివృద్ధి, ప్రజారోగ్యాల సంబంధాన్ని ఘనశ్యామ్ షా 1997 నాటి గ్రంథంలో చర్చించాడు. కూలి, ఆరోగ్యం, ఇండ్లవసతి ఇంతగా విచారణకు వచ్చిన నగరంలో, ఆ కార్మికుల భాషను విచారించే తెలుగు అధ్యాపకునికి ముందే కొంత దారి వేసి ఉన్నది.

ఈ సదుపాయానికి లోపాలు లేకపోలేదు. అధ్యాపక ఫెలోషిప్ పేరులోనే కంచె ఉన్నది: ఉద్యోగం లేని పండితుడు, పగలు మగ్గం నడిపి రాత్రి కథ వ్రాసే రచయిత దానికి అర్హులు కారు. ఇల్లు విడిచి యేడాది ఉండడం సంసారభారం మోసే అధ్యాపకురాలికి సులభం కాదు. ఐనప్పటికిని అన్ని సంస్థల తలుపులు ఒక్కరీతిగా మూసి లేవు. సిమ్లా సంస్థలో హిందీ రచయితలు నిర్మల్ వర్మ, కృష్ణా సోబ్తీ ఫెలోలుగా ఉన్నారు. సృజనాత్మక రచయితకు అక్కడ చోటు దొరికినది గనుక మనవారు సంకోచింపవలసిన పని లేదు.

కాలం మాత్రం నిలువదు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమంలో కూడ ప్రాథమిక పాఠశాలలు నడిపింది. ఆ బడి దాటిన పిల్లకు వీధిలోను, కొలువులోను అక్కరకు వచ్చేవి గుజరాతీ, హిందీ. చేతిమగ్గపు మాటలు పుట్టినయింట నేర్చి వచ్చిన తరం వృద్ధాప్యంలో ఉన్నది. వారి పక్కన కూర్చుని వినడానికి ఒక అధ్యాపకునికి ఒక్క సంవత్సరం తీరిక కావలె. దరఖాస్తులో వ్రాయవలసిన ప్రశ్న గోడాదరా వీధులలో వినబడుతూనే ఉన్నది. దానిని వ్రాసి పంపవలసినవారు తెలుగు శాఖలవారు.